తంపర సరస్సు నీటిలో 48 అన్న అంకె

కిందటి నెల ఒడిశాలోని ఛత్రపురంలో చుట్టాల ఇంటి పెళ్ళికి వెళ్ళి, తిరిగి బరంపురం వస్తూ తంపర సరస్సు గట్టు మీద ఒక గంట సేపు కూర్చున్నాను. ఎండ పడమటికి వాలుతున్న వేళ. నీటి మీద రెండే పడవలు ఉన్నాయి. ఇంటికి చేరాక, 2022 ఆగస్టులో, అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలలైన మన దేశపు రామ్‌సర్ స్థలాల సంఖ్య 75కు చేరిందని ప్రకటించినప్పుడు ఈ సరస్సు గురించి ప్రభుత్వం విడుదల చేసిన పరిచయ వాక్యాలను వెతికి మళ్ళీ చదివాను. 300 హెక్టార్ల మంచినీటి సరస్సు. కనీసం 60 జాతుల పక్షులు, 46 జాతుల చేపలు, కనీసం 48 జాతుల వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే మొక్క తరహా అణుజీవులు. ఏటా సగటున 12 టన్నుల చేపల దిగుబడి. పక్షుల అంకె, చేపల అంకె చదివి ముందుకు సాగిపోయాను. 48 దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను.

ఆ అంకె తప్పని నేను అనడం లేదు. "కనీసం" అన్న మాట అక్కడ ఉన్నది, అది నిజాయితీగల మాట. నన్ను ఆపినది వేరే సంగతి. పక్షులను లెక్కపెట్టడానికి ఏళ్ళ తరబడి వందల కళ్ళు పనిచేస్తాయి. కొత్త పక్షి వాలితే ఆ సాయంత్రానికే నలుగురికీ తెలుస్తుంది. చేపల లెక్కను వలలు రోజూ సరిచేస్తూ ఉంటాయి. నీటిలో తేలే అణుజీవుల లెక్క అలాంటిది కాదు. ఏ నెలలో నీరు ముంచారు, ఎంత సన్నని గుడ్డలో వడకట్టారు, ఎవరు మైక్రోస్కోపులో చూశారు అన్న మూడు సంగతుల మీద ఆ అంకె పూర్తిగా ఆధారపడుతుంది. ఈ మూడూ చెప్పకుండా 46 చేపల పక్కన 48 ప్లవకాలు అని రాస్తే, చదివేవారికి రెండూ ఒకే తూకపు లెక్కలుగా కనిపిస్తాయి. పైగా ఆ వాక్యంలో జంతు ప్లవకాల ఊసే లేదు. రోటిఫర్లు, మోయినాలు, సైక్లాప్సులు అనే ఆ తేలే సూక్ష్మ జంతువులు లేకుండా ఆ 46 జాతుల చేపలలో ఎన్నింటి పిల్లలు మొదటి వారం దాటుతాయి?

ఈ ఆలోచన నన్ను ఒక అభిప్రాయం దగ్గరకు తీసుకువెళ్ళింది. ప్లవకాల వైవిధ్యాన్ని ఎవరో ఒకసారి వచ్చి రాసుకుపోయే జాబితాగా కాక, చెరువు పక్కన బతికేవాళ్ళు నెలనెలా రాసుకునే పంచాంగంగా ఉంచాలి. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. దాని కింద ఏర్పడే స్థానిక కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఈ పంచాంగానికి ఆ పుస్తకంలోనే చోటు ఇవ్వాలి. నేను చూసిన ఒక ఊరి పుస్తకం ఒడియాలో చాలా శ్రద్ధగా రాసి ఉన్నది. చెట్లున్నాయి, మందు మొక్కలున్నాయి, వరి రకాలున్నాయి. చెరువుకు కేటాయించిన పేజీలో తామర, కలువ, పది రకాల చేపలు, నాలుగు కొంగలు. నీటి రంగు గురించి ఒక్క మాట కూడా లేదు.

గుడ్డ మీద మిగిలిన పచ్చదనం

మా అమ్మ తాగే నీళ్ళను పాత నేత చీర ముక్క నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి వడకట్టేది. వారానికొకసారి ఆ గుడ్డను ఉతికి తీగ మీద ఆరేసినప్పుడు దాని నడుమ గుండ్రంగా లేత పచ్చ మరక ఉండేది. ఆ మరక ఏమిటో ఆమెను ఎప్పుడూ అడగలేదు. నేను సైన్సు మాస్టారినై పిల్లలకు పాఠం చెబుతున్న రోజుల్లో కూడా అడగలేదు. పదవీ విరమణ చేసి, సొంత డబ్బుతో ఒక మైక్రోస్కోపు కొనుక్కున్నాక, అదే పద్ధతిలో మా వీధి చివరి చెరువు నీటిని వడకట్టి, గుడ్డను ఒక గిన్నెలో జాడించి, ఆ నీటి చుక్కను గాజు పలక మీద వేసి చూశాను. అప్పుడు గాని ఆ మరకకు కాళ్ళూ కళ్ళూ ఉన్నాయని తెలియలేదు.

ఆ గుడ్డ చేసే మేలు మా అమ్మ ఊహించినదానికన్నా పెద్దది. కలరా క్రిమి నీటిలో ఒంటరిగా తిరగడంతో పాటు కోపిపాడ్లనే జంతు ప్లవకాల ఒంటిని అంటిపెట్టుకుని గుంపులుగా ఉంటుందని అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం నిరూపించింది. బంగ్లాదేశ్‌లోని మట్లాబ్ ప్రాంతంలో ఆడవాళ్ళు పాత చీరను మడతపెట్టి నీరు వడకట్టితే కలరా కేసులు 48 శాతం తగ్గాయని వారు 2003లో ప్రకటించారు. (తంపర అంకె, ఈ అంకె ఒకటే కావడం కేవలం కాకతాళీయం.) ఒంట్లో పొడవాటి పురుగు పెరిగే నారికురుపు కథ కూడా ఇలాంటిదే. రాయలసీమ దిగుడు బావుల నీటిలో ఆ పురుగు పిల్లలను మోసినవి సైక్లాప్సులే. నీటిని వడకట్టడం, మెట్ల బావులలోకి దిగనివ్వకపోవడం వంటి మామూలు పనులతోనే 1996 తరవాత మన దేశంలో ఆ రోగం మళ్ళీ కనిపించలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఏ నీటిలో ఏ ప్లవకం ఉన్నదో తెలుసుకోవడం తీరిక ఉన్నవాళ్ళ వేడుక అని ఎవరైనా అంటే నేను ముందుగా చెప్పే మాటలు ఈ రెండే.

అయితే ఆ గుడ్డే నాకు మరొక పాఠం కూడా నేర్పింది. పాత చీర నాలుగు మడతలు వేస్తే సుమారు 20 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పెద్దవి ఆగుతాయి. కొత్త గట్టి గుడ్డ ఒక్క పొర వేస్తే సందులు పెద్దవిగా ఉంటాయి. మొదటి నెల నేను కొత్త గుడ్డ వాడాను. రెండో నెల పాతది వాడాను. నా నోటుపుస్తకంలో జాతులు ఒక్కసారిగా పెరిగిపోయాయి. చెరువు మారలేదు, గుడ్డ మారింది. ఇక 20 మైక్రాన్ల కన్నా చిన్నవైన శైవలాలు, అంటే నాచు జాతి జీవులు, ఎంత మంచి గుడ్డలోనైనా జారిపోతాయి. వాటి కోసం నీటిని వడకట్టకుండా సీసాలో పట్టి, అయోడిన్ ద్రావణం కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున పేరుకున్నదానిని చూడాలి. ఒకే చెరువు, ఒకే ఉదయం, మూడు పద్ధతులు, మూడు అంకెలు. ఇది తెలిసిన తరవాత, పద్ధతి చెప్పని ఏ ప్లవకాల అంకెనూ నేను మామూలుగా చదవలేకపోతున్నాను.

ఒక చెరువు, ఒక ఏడాది

మా వీధి చెరువు చిన్నది. తెలుగువాళ్ళం కొందరం బంద అంటాము, ఒడియావాళ్ళు పొఖొరి అంటారు. కార్తిక పున్నమి తెల్లవారుజామున ఒక మెట్ల వరుస మీద మా ఆడవాళ్ళు అరటి దొప్పలలో దీపాలు వదులుతారు, పక్క వరుస మీద ఒడియా ఇళ్ళవాళ్ళు అరటి బోదెలతో చేసిన చిన్న పడవలు వదులుతారు. ఆ ఉదయమే నేను నా లెక్క మొదలుపెట్టాను.

మొదటి చుక్కలో పదకొండు రూపాలు బొమ్మ గీసుకున్నాను. శీతాకాలం ముదిరేకొద్దీ నీరు తేనె రంగుకు తిరిగింది. అది డయాటముల కాలం, గాజు డబ్బీల వంటి ఒళ్ళున్న శైవలాలది. ఫాల్గుణం దాటాక వాటి స్థానంలో పలకలుగా, బంతులుగా, నక్షత్రాలుగా ఉండే ఆకుపచ్చ శైవలాలు వచ్చాయి. చైత్ర వైశాఖాలలో గాలి వాటుకు ఒక మూలకు పచ్చ రంగు డబ్బా ఒలికినట్టు మైక్రోసిస్టిస్ పేరుకుంది. ఆ నీలి ఆకుపచ్చ జీవి తన కణాలలో గాలి తిత్తులు నింపుకుని పైకి తేలి, కింద ఉన్నవాటికి వెలుతురు అందకుండా చేస్తుంది. ఆ రోజులలో చెరువు చూడడానికి నిండుగా ఉన్నా, నా పుస్తకంలో మాత్రం ఏడాది మొత్తం మీద అతి తక్కువ రూపాలు నమోదైనవి ఆ నెలల్లోనే. వానలు పడగానే నీరు బురద రంగుకు మారి, చుక్కలో వెతికినా ఏదీ దొరకని స్థితి వచ్చింది. వాన వెలిసిన పది రోజులకు రోటిఫర్లు పొంగుకొచ్చాయి. మళ్ళీ కార్తికం వచ్చేసరికి బొమ్మలు మొదటి రోజుకు నాలుగు రెట్లు దాటాయి. మొదటి ఉదయం రాసిన పదకొండూ ఏ ఒక్క రోజూ కలిసి మళ్ళీ కనిపించలేదు.

1961లో సరస్సుల శాస్త్రవేత్త జార్జ్ ఈవ్లిన్ హచిన్సన్ ఒక చిక్కు ప్రశ్న వేశాడు. దానికి ప్లవకాల విరోధాభాసం అని పేరు పెట్టాడు. (ఈయన 1932లో యేల్ విశ్వవిద్యాలయపు బృందంతో వచ్చి లడఖ్ సరస్సులను పరిశీలించిన మనిషి.) అందరూ తినేది అవే కొద్ది లవణాలు, అందరికీ కావలసినది అదే వెలుతురు, దాగడానికి మూలలు లేని నీరు, అటువంటి చోట బలమైన ఒక్క జాతి మిగతావాటిని తరిమివేయాలి కదా, మరి ఇన్ని జాతులు కలిసి ఎలా ఉంటున్నాయి? ఆయన ఇచ్చిన జవాబులలో నాకు పట్టుబడినది ఒకటి. ఒక జాతి గెలిచేలోపునే ఋతువు మారిపోతుంది. ఓడిపోబోతున్న జాతికి అనువైన రోజులు వస్తాయి. పందెం ఎప్పటికీ ముగియదు. ఈ మాట చదివి ఊరుకుంటే అది సిద్ధాంతం. ఏడాది పొడుగునా ఒకే మెట్టు మీద కూర్చుని నీరు ముంచినవాడికి అది కళ్ళెదుట జరిగిన సంగతి. వైవిధ్యం చోటులో ఎంత ఉన్నదో కాలంలో అంతకన్నా ఎక్కువ పరచుకుని ఉన్నది. అందుకే ఒక్క రోజు తీసిన జాబితా, ఎంత గొప్ప పండితుడు తీసినదైనా, పన్నెండు పేజీల పుస్తకంలో చింపి తెచ్చిన ఒక్క పేజీ.

ఒక్క సంఘటన చెప్పాలి. జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం చెరువు నీటి మీద ఎర్రటి తెట్టు కట్టింది. ఎవరో ఏదో కలిపారని ఒకరు, అమ్మవారికి కోపం వచ్చిందని ఒకరు, జనం గుమిగూడారు. బట్టలు ఉతికే ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వెళ్ళిపోయారు. పొద్దున నేను నీరు ముంచినప్పుడు ఆ తెట్టు పచ్చగా ఉన్నదని నాకు గుర్తున్నది. ఒక చుక్క తీసి చూస్తే అది యూగ్లీనా. ఎండ తీవ్రమైనప్పుడు ఆ జీవి తనలోని ఎర్ర రేణువులను గొడుగులా పైపొరలోకి తెచ్చుకుంటుంది, ఎండ తగ్గితే నడిమికి లాక్కుంటుంది. సాయంత్రం దాకా ఆగండి, పచ్చబడుతుంది అని చెప్పాను. ఆరు గంటలకు పచ్చబడింది. ఆ సాయంత్రం మైక్రోస్కోపు ముందు పదిహేడు మంది వరసలో నిలబడ్డారు, వారిలో ఇద్దరు ఆ బిందెలు వదిలి వెళ్ళినవారే. చెరువులోకి మురుగు వచ్చి చేరితే ఇటువంటి తెట్టు తరచుగా కడుతుందని చెప్పినప్పుడు వాళ్ళు వెంటనే అడిగిన ప్రశ్న, "ఏ కాలువ నుంచి మాస్టారూ?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నా దగ్గర కిందటి ఏడాది, అంతకుముందు ఏడాది లెక్కలు లేవు.

అంతకన్నా పెద్ద లోటు 2013ది. అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా చెరువు గట్టు మీది చెట్లలో సగం నీటిలో పడ్డాయి. ఆకులు కుళ్ళి నీరు నల్లబడింది, చేపలు తేలాయి, నెలల తరబడి ఎవరూ అందులో స్నానం చేయలేదు. తరవాత నీరు తేటపడింది, చేపలు వచ్చాయి, మేము మరిచిపోయాము. చెరువు నిజంగా కోలుకున్నదా, లేక పాతవాటిలో సగం పోయి ఇంకొక చెరువైపోయిందా? తుపానుకు ముందు అందులో ఏముండేదో ఎక్కడా రాసి లేదు గనుక ఈ ప్రశ్నకు ఇక జవాబు దొరకదు. గట్టు మీద విరిగిన చెట్లను మాత్రం అందరూ లెక్కపెట్టారు.

నన్ను ఆపినవారు

నా అభిప్రాయాన్ని ముందుగా కొట్టిపారేసినవాడు నా చిన్ననాటి స్నేహితుడు. అతడు జంతుశాస్త్రం లెక్చరరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. రోటిఫర్ల మీద పరిశోధన చేసినవాడు. నా బొమ్మల పుస్తకం తిరగేసి ఒక పేజీ దగ్గర ఆగి, "ఒరేయ్, వీటికి రెండు నంబర్లు ఎందుకు వేశావు?" అని అడిగాడు. ఒకదానికి వెనుక వైపు పొడవైన ముళ్ళున్నాయి, రెండోది నున్నగా ఉన్నది. రెండూ వేరని నా నమ్మకం. రెండూ బ్రాకియోనస్ అనే రోటిఫర్లలో ఒకే జాతివని అతడు చెప్పాడు. నీటిలో ఆస్ప్లాంక్నా అనే పెద్ద రోటిఫర్ చేరితే, అది వదిలే రసాయనం వాసనకు చిన్న రోటిఫర్ల తల్లులు ముళ్ళున్న పిల్లలను కంటాయి. ఆ పిల్లలను మింగడం దానికి కష్టం. ఈ సంగతిని డ బోషాం అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1952లోనే బయటపెట్టాడు. నేను రెండు జాతులుగా రాసుకున్నది నిజానికి తల్లీబిడ్డల కథ.

"నీలాంటివాళ్ళు వంద మంది వంద చెరువుల్లో ఇలా రాస్తే అది విజ్ఞానం కాదురా, గందరగోళం" అన్నాడు అతడు. ఆ మాట నాకు రెండు మూడు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. అతడు చెప్పినదానిలో సగం నేను ఒప్పుకుంటున్నాను. జాతుల పేర్లు పెట్టడం మా పని కాదు. మన దేశంలో ఈ విద్యకు గొప్ప పరంపర ఉన్నది: కలకత్తా రోటిఫర్ల మీద ఆండర్సన్ రాసిన వ్యాసం 1889 నాటిది, మద్రాసులో ఎం.ఓ.పి. అయ్యంగార్ శైవలాల అధ్యయనానికి ఒక తరాన్ని తయారుచేశాడు. హైదరాబాదు చేపల చెరువుల శైవలాలను ఉస్మానియాలో జాఫర్ ఏళ్ళ తరబడి పరిశీలించాడు. అటువంటివారు చేసే పనిని చీర ముక్కతో చేస్తామని అనడం అహంకారం.

మిగతా సగం మాత్రం ఒప్పుకోలేకపోయాను. నిపుణుల అంకె కూడా కదలని రాయి కాదని అతడికే తెలుసు. ఉప్పు నీటిలో ఉండే బ్రాకియోనస్ ఒకదాన్ని చాలాకాలం ఒకే జాతి అనుకుని, చివరికి డీఎన్ఏ చూశాక పదిహేను జాతుల వరకూ విడదీశారు. ఇక వైవిధ్యాన్ని ఒకే సంఖ్యలో చెప్పే షానన్ సూచిక ఉన్నది. 1948లో క్లాడ్ షానన్ తంతి, టెలిఫోన్ సందేశాల కోసం కట్టిన సూత్రం అది. జాతులు ఎన్ని, అవి ఎంత సమానంగా ఉన్నాయి అన్నదే దానికి తెలుసు, అవి ఏ జాతులో తెలియదు. మహేంద్రగిరి వాలులో ఒక మడుగు నుంచి నేను తెచ్చిన నీటిలో డెస్మిడ్లు ఉన్నాయి. నడుమ నొక్కుతో, అద్దంలో చూసుకున్నట్టు రెండు సమాన భాగాలుగా ఉండే ఆ ఆకుపచ్చ జీవులు పలుచని, కాస్త ఆమ్ల గుణమున్న శుభ్రమైన నీటిని ఇష్టపడతాయి. మా వీధి చెరువులో మురుగును ఇష్టపడే రోటిఫర్లూ యూగ్లీనాలూ ఉన్నాయి. రెండు చోట్లా రకాలు అన్నే ఉండి, అంతే సమానంగా పంచుకుని ఉంటే సూచిక ఒకే సంఖ్య చెబుతుంది. ఏ నీటిని బిడ్డకు తాగించవచ్చో ఆ సంఖ్య చెప్పదు. కొండ మడుగు పేజీ పక్కన వీధి చెరువు పేజీ పెడితే, చదువు రాని తల్లి కూడా ఆ రెండు బొమ్మలనూ చూసి తేడా చెప్పగలదు.

అందుకని నేను కోరుతున్నది జాతుల జాబితా కాదు. నెల, తారీఖు, వాన పడి ఎన్ని రోజులయింది, ఏ గుడ్డ, నీటి రంగు, చుక్కలో కనిపించిన ఆకారాల బొమ్మలు, వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఏది, అంతే. బొమ్మలకు ఇక్కడ మరొక ఉపయోగం ఉన్నది. మా వీధి తెలుగు పిల్లలలో చాలామంది ఒడియా బడులలో చదువుతున్నారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. నాకు ఒడియా చదవడం వచ్చు, రాయడం తడుముకుంటాను. బొమ్మకు లిపి అక్కరలేదు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో వెల్లడించిన కాగితపు మైక్రోస్కోపు, ఫోల్డ్‌స్కోపు, సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఈ పనికి అది చాలు. పేరు పెట్టగలిగినవారు పదేళ్ళ తరవాత వచ్చినా బొమ్మ చూసి పేరు పెట్టుకుంటారు. గడిచిపోయిన నెల నీటిని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

పూడిక మట్టి గురించి

నాకు ఇంకా తేలని సందేహం ఒకటి ఉన్నది. చెరువుల సుందరీకరణ పేరుతో ఒక వేసవిలో మా పక్క పేటలోని ఒక చెరువును ఎండగట్టి, యంత్రాలతో వారం రోజులలో అడుగు మట్టి అంతా తోడి, గట్టు చుట్టూ సిమెంటు గోడ కట్టారు. ఆ పనిని నేను గట్టిగా వ్యతిరేకించాను. మోయినాలు, వాటి చుట్టాలైన డాఫ్నియాలు, రోటిఫర్లు కరువు కాలం వస్తున్నదని తెలిసినప్పుడు గట్టి పెంకు గల గుడ్లు పెడతాయి. అవి అడుగు మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక సరస్సు అడుగు నుంచి తీసిన ఆరేడు వందల ఏళ్ళ నాటి డాఫ్నియా గుడ్లు పొదిగాయని 2014లో ప్రకటించారు. ఆ లెక్కన చెరువు అడుగు మట్టి దాని విత్తనాల గాదె. ఒక్క వారంలో గాదె అంతా లారీలకెత్తడం నాకు అన్యాయంగా తోచింది.

అప్పుడు ఒక పెద్దాయన నన్ను అడిగాడు: "మా తాతల కాలం నుంచీ పూడిక తీసి పొలాలకు తోలుకున్నాము. అప్పుడు చెరువు చచ్చిపోలేదేం?" ఆ ప్రశ్న సరైనదే. పూడిక తీయకపోతే చెరువు ఎండి మైదానమైపోతుంది. అప్పుడు ప్లవకమూ లేదు, చేపా లేదు. పైగా ఆ గుడ్లు కొంగల కాళ్ళకు, ఈకలకు అంటుకుని, గాలికి ఎండు మట్టితో లేచి, ఒక చెరువు నుంచి మరొక చెరువుకు చేరతాయి కూడా. కాబట్టి తోడేసిన చెరువులో జీవం తిరిగి రాదని నేను అప్పుడు అన్నమాట అతిశయోక్తి. తిరిగి వస్తుంది, ఏవి వస్తాయి, ఏ వరుసలో వస్తాయి, ఎన్నేళ్ళకు వస్తాయి అన్నదే ప్రశ్న. తాతల కాలంలో పారలతో, ఏటికి ఒక పక్క చొప్పున తీసేవారు. తీయని పక్క తీసిన పక్కకు విత్తనం పెట్టేది. యంత్రానికి ఆ ఓపిక లేదు. ఇది నా ఊహ మాత్రమే. దీనిని నిరూపించాలన్నా, కాదనాలన్నా తోడకముందు రాసిన పేజీ, తోడిన తరవాత రాసిన పేజీ రెండూ కావాలి. పక్క పేట చెరువుకు ఆ మొదటి పేజీ లేదు. ఇప్పుడు ఆ సిమెంటు గోడల మధ్య నీరు వేసవిలో రెండు నెలలు మైక్రోసిస్టిస్‌తో పచ్చ పెయింటులా ఉంటున్నది. అంతకుముందు కూడా అలాగే ఉండేదేమో! ఎస్.వి. గణపతి దక్షిణాదిన ఒక దేవాలయ కోనేటిలో ఏడాది పొడుగునా వదలకుండా ఉన్న మైక్రోసిస్టిస్ తెట్టు గురించి 1940లోనే రాశారు; పాత కోనేళ్ళన్నీ నిర్మలంగా ఉండేవని నేను చెప్పలేను.

ఆ తెట్టును తేలికగా తీసుకోవద్దని మాత్రం చెప్పగలను. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఇటువంటి శైవలాల విషం కలిసిన నీటిని డయాలిసిస్‌కు వాడడం వల్ల యాభై మందికి పైగా రోగులు మరణించారు. ఏళ్ళ తరబడి తాగే నీటిలో ఆ విషం, మైక్రోసిస్టిన్, లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. మా పేటలో ఆ నీటిని మనుషులు తాగరు గాని పశువులు తాగుతాయి, పిల్లలు ఈదుతారు.

మోచేతి కొలత

మా చెరువును వేలంలో పాడుకుని చేపలు పెంచే అతనిది శ్రీకాకుళం వైపు నుంచి మూడు తరాల కింద వచ్చి స్థిరపడిన కుటుంబం. ఏటా శ్రావణంలో చేప పిల్లను తెచ్చి వదులుతాడు. ఆ పిల్ల అతనికి సులువుగా దొరకడం వెనుక కూడా మన ఒడిశా ఉన్నది: 1957 జూలై 10న అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి బృందం చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి సారపు సూది మందుతో పెంపుడు చేపల చేత గుడ్లు పెట్టించింది, అంతకుముందు పిల్ల కావాలంటే చాలావరకు వరద నదులలో వలపట్టుకోవడమే. పుట్టించడం మనిషి చేతికి వచ్చింది గాని, పొట్టలోని సొన మూడు రోజులలో కరిగిపోయాక ఆ పిల్ల నోటికి పట్టే మొదటి మెతుకు ఇప్పటికీ రోటిఫరే. పెద్దయ్యాక బొచ్చె పైనీటిలో జంతు ప్లవకాలను వడకట్టుకు తింటుంది.

నేను మైక్రోస్కోపుతో గట్టున కూర్చుంటే అతను మొదట్లో జాలిగా చూసేవాడు. చెయ్యి మోచేతి దాకా నీటిలో ముంచి అరచేతిని పైకి తిప్పి చూసేవాడు. అరచెయ్యి స్పష్టంగా కనిపిస్తే నీటికి బలం లేదు, పేడ ద్రావణం వేయాలి; మోచెయ్యి ముణగకముందే కనిపించకుండా పోతే నీరు ముదిరింది, మబ్బు పట్టిన తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. "మాస్టారూ, నీళ్ళ బలం సెయ్యి సెప్తాది. మీ అద్దం నాకేల?" అన్నాడు. పగలంతా ప్రాణవాయువు ఇచ్చే శైవలాలే రాత్రి దానిని తిరిగి పీల్చుకుంటాయని పుస్తకం చదివి నేను తెలుసుకున్నదాన్ని అతను చేత్తో కొలుస్తున్నాడు. అతని చెయ్యి నీటిలో ఎంత ఉన్నదో చెబుతుంది, ఏమున్నదో చెప్పదు అని అనాలనిపించింది గాని, అనలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి ఒక ఇంటిని పోషించింది.

ఈ ఏడు శ్రావణంలో అతను వదిలిన పిల్ల నాలుగు రోజులలో చాలా వరకు పోయింది. నీటి రంగు బాగున్నది, మోచేతి కొలత బాగున్నది. ఆ ఉదయం నేను తీసిన చుక్కలో రోటిఫర్లు దాదాపు లేవు. పెద్ద సైక్లాప్సులు మాత్రం విపరీతంగా ఉన్నాయి. అవి అప్పుడే పుట్టిన చేప పిల్లలను పట్టి గాయపరుస్తాయి. అదొక్కటే కారణమని నేను చెప్పలేను. పిల్ల ప్రయాణంలో నలిగి ఉండవచ్చు, నీటి పురుగులూ ఉండవచ్చు. ఆ మాటే అతనికి చెప్పి, నోటుపుస్తకం చేతికిచ్చాను. అతను పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయి, కిందటి శ్రావణం పేజీ దగ్గర, పిల్ల బాగా బతికిన ఏడాది పేజీ దగ్గర, ఆగాడు. అక్కడ నేను గీసిన వాటిలో రోటిఫర్లు గుంపులుగా ఉన్నాయి, సైక్లాప్స్ ఒక్కటే ఉన్నది. తరవాత ఈ ఏటి పేజీకి వచ్చి, తోకకు ఇరువైపులా గుడ్ల సంచులు వేలాడుతున్న ఆ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"పిల్లని తినీది ఈ జోడుసంచులదేనా మాస్టారూ?"

జీవవైవిధ్య రిజిస్టరు నమూనాలో రెండు గడులు ఉంటాయి: శాస్త్రీయ నామం, స్థానిక నామం. ప్లవకాల పేజీలన్నిటిలోనూ ఆ రెండో గడిని నేను ఖాళీగా వదిలేస్తూ వచ్చాను. ఆ సాయంత్రం సైక్లాప్స్ ఎదురుగా ఉన్న గడిలో "జోడుసంచులది" అని రాసి, పక్కన అతని చేత ఆనాటి మోచేతి కొలత కూడా వేయించాను.